అభిమాన తారల కటింగుల పుస్తకానికి ఏది మేలు: లామినేషనా, అంటుడు ఆల్బమా, క్లియర్ ఫైలా?

చిరంజీవి బ్లోఅప్పులు, శ్రీదేవి స్టిల్స్, సచిన్ సెంచరీ కొట్టిన మర్నాటి పేపర్ ముక్క, అరవింద్ స్వామి, దివ్యభారతి, ఆ తర్వాతి బ్యాచ్‌కి తరుణ్, ఉదయ్‌కిరణ్. టీనేజీలో ఎవరి దేవుళ్లు వాళ్లకున్నా పుస్తకం మాత్రం అందరిదీ ఒకటే. వాడేసిన లాంగ్‌నోట్‌బుక్కు, మైదా జిగురుతోనో అన్నం మెతుకులతోనో అంటించిన బొమ్మలు, పక్కన స్కెచ్ పెన్నుతో గీసిన హృదయాలు. ఇరవై ముప్పై ఏళ్లకు అటక మీంచి దిగిన ఆ పుస్తకాన్ని నిలబెట్టుకోవాలంటే బజార్లో దొరికేవి మూడు దారులు: జిరాక్స్ షాపులో లామినేషన్, ఫొటో స్టూడియోలో అమ్మే అంటుడు ఆల్బమ్, స్టేషనరీ షాపులో ప్లాస్టిక్ జేబుల క్లియర్ ఫైలు.

తీర్పు ముందే చెప్పేస్తే మేలు. క్లియర్ ఫైలు కొనండి. అదీ చూసి కొనండి, చేతికొచ్చిందల్లా కాదు. లామినేషన్ జోలికి అసలు పోవద్దు. అంటుడు ఆల్బమ్‌లో ఇప్పటికే పెట్టేసి ఉంటే వీలైనంత త్వరగా బయటికి తీయండి.

లామినేషన్ మీద ఇంత కోపం ఎందుకంటే, చేశాక వెనక్కి తీసుకోలేని పని అదొక్కటే. ఆ పౌచ్ లోపలి పొర వేడికి కరిగే జిగురు. 100 డిగ్రీలు దాటిన రోలర్ల మధ్య నుంచి వెళ్లేసరికి ఆ జిగురు కాగితం నారల్లోకి దిగిపోతుంది. ఇక దాన్ని విడదీసే మార్గం ఇంట్లో లేదు. కొత్తలో మెరుస్తూ బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనలేం. అయితే న్యూస్‌ప్రింట్‌కి ఉన్న జబ్బు దాని ఒంట్లోనే ఉంది. చెక్కని రుబ్బి చేసిన గుజ్జు కాబట్టి చెక్కలోని బంక లాంటి పదార్థం, లిగ్నిన్, అలాగే ఉండిపోతుంది, అది పసుపు తిరిగి ఆమ్లం పుట్టిస్తుంది. లామినేషన్ చేస్తే ఆ ఆమ్లం లోపలే బందీ అవుతుంది, కాగితం లోపల్లోపలే పెళుసెక్కుతుంది. పైగా షాపులో కుర్రాడు పౌచ్ అంచుని కాగితం దాకా కత్తిరించేస్తాడు. చుట్టూ కనీసం 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అంచు వదలకపోతే అక్కణ్నుంచి తేమ దూరుతుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో ఒకటి రెండు వానాకాలాలకే మూలల్లో తెల్లటి పొర లేస్తుంది.

ఇంకో ప్రమాదం ఉంది. కటింగుల మధ్య ఎక్కడో ఒక థర్మల్ ప్రింట్ టికెట్టు ఉంటుంది, మల్టీప్లెక్స్‌దో ఆర్టీసీ బస్సుదో. వేడి తగిలితే నల్లబడే కాగితం అది. లామినేషన్ మెషీన్లోంచి బయటికొచ్చేసరికి మొత్తం నల్లటి పలక. అలాంటి టికెట్లను ముందు ఫొటో తీసుకుని, విడిగా చీకట్లో దాచాలి. వాటి మీది అక్షరాలు ఎలాగూ కొన్నేళ్లకు వెలిసిపోతాయి.

అంటుడు ఆల్బమ్ అంటే మందపాటి అట్ట మీద జిగురు చారలు, పైన పారదర్శకమైన షీటు. షీటు లేపి, బొమ్మ పెట్టి, మళ్లీ మూసేయడమే. పెళ్లి ఫొటోల కోసం ఇళ్లిళ్లా కొన్నారు, పనిలో పనిగా అభిమాన హీరోలూ అందులోకి చేరారు. దీని జిగురు రెండు రకాలుగా మోసం చేస్తుంది. కొన్నింట్లో ఎండి రాలిపోయి బొమ్మలన్నీ అడుగుకి జారతాయి. కొన్నింట్లో గట్టిపడి పట్టేస్తుంది, తీస్తే బొమ్మ వెనక పొర ఊడొస్తుంది. చాలా ఆల్బమ్‌ల పై షీటు పీవీసీ అనే ప్లాస్టిక్. అది మెత్తబడటానికి కలిపిన రసాయనం కాలక్రమంలో బయటికి ఊరి, అచ్చు సిరాని లాగేసుకుంటుంది. షీటు లేపితే దాని మీద హీరో ముఖం తిరగబడి కనిపిస్తుంది. ఆ స్థితికి వచ్చిన పేజీని లాగడం ఆపి, షీటుతో సహా అలాగే స్కాన్ చేసుకోవడమే తెలివి.

సిరా షీటుకి అంటకుండా, బొమ్మ అట్టకి మాత్రమే పట్టి ఉంటే పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం పనికొస్తుంది. మైనం లేనిది తీసుకుని, రెండు చేతుల్లో బిగించి పట్టి, బొమ్మకీ అట్టకీ మధ్య మూల నుంచి రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ జరపాలి. పట్టు గట్టిగా ఉంటే అట్ట వెనక వైపు నుంచి హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడి మీద ఒక నిమిషం చూపిస్తే జిగురు కాస్త మెత్తబడుతుంది. బొమ్మని వంచకూడదు. వంచితే ఆర్ట్ పేపర్ (పత్రికల మెరిసే కాగితం) మీది సుద్ద పూత పగిలి, ముఖం మీద తెల్లటి గీత పడుతుంది. ఆ గీత మళ్లీ పోదు.

ఇక క్లియర్ ఫైలు. 20, 40, 60 జేబుల్లో దొరుకుతుంది. 40 జేబుల ఏ4 ఫైలు బ్రాండుని బట్టి రెండు మూడొందల్లో వస్తుంది. జేబులు పాలీప్రొపిలీన్‌వి అయితేనే కొనాలి. షాపువాణ్ని అడిగితే "మంచి ప్లాస్టికే సార్" అంటాడు. అది కాదు పరీక్ష. ముందు ముక్కు దగ్గర పెట్టుకోండి. కొత్త రెయిన్‌కోటు వాసన ఘాటుగా వస్తే పీవీసీ, అక్కడే వదిలేయండి. ఇంటికి తెచ్చాక అనుమానం ఉంటే జేబు మూల నుంచి గోరంత ముక్క కత్తిరించి, ఒక చుక్క సబ్బు నీళ్లు కలిపిన గ్లాసులో అడుగు దాకా నొక్కి వదలండి. పాలీప్రొపిలీన్ నీటి కంటే తేలిక, పైకొస్తుంది. పీవీసీ మునుగుతుంది. సబ్బు వేయకపోతే బుడగలు పట్టుకుని పీవీసీ కూడా తేలి మోసం చేస్తుంది. పాలిస్టర్ కూడా మునుగుతుంది, కానీ అది వాసన లేకుండా, గలగలా చప్పుడు చేస్తూ, ధర ఎక్కువగా ఉంటుంది. పాలిస్టర్ దొరికితే అదృష్టమే, నిల్వకు అన్నింటికంటే మంచిది అదే.

ఈ ఫైళ్లలో అందరూ పట్టించుకోని లోపం జేబు లోపల ముందే పెట్టి ఉండే నల్ల కాగితం. బొమ్మకి నల్ల నేపథ్యం అందంగానే ఉంటుంది. కానీ అది నాసిరకం, చెమ్మ తగిలితే రంగు వదులుతుంది. అన్నీ తీసి పారేసి, ప్యాకెట్ మీద ఆసిడ్ ఫ్రీ అని ఉన్న తెల్ల కాగితం పెట్టుకోండి. 100 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) అయితే నిలబడుతుంది, 80 అయితే వంగుతుంది. ఒక్కో జేబులో మధ్యన ఆ కాగితం, దానికి ముందొక కటింగు, వెనకొక కటింగు. అలా 40 జేబుల్లో 80 బొమ్మలు పడతాయి. అంతకు మించి కుక్కితే వెన్ను దగ్గర ఫైలు ఉబ్బి, జేబుల అతుకులు ఊడతాయి.

పాత న్యూస్‌ప్రింట్‌ని జేబులోకి నేరుగా తోయకూడదు. ప్లాస్టిక్‌కి ఉండే విద్యుత్ ఆవేశం కాగితాన్ని అతుక్కునేలా లాగుతుంది, మధ్యలో ఆగి మడత పడుతుంది. కటింగుని తెల్ల కాగితం మీద పెట్టి, రెండింటినీ కలిపి జార్చాలి. మెరిసే ఆర్ట్ పేపర్ అయితే ఇంకో జాగ్రత్త: నున్నటి ప్లాస్టిక్‌కి చెమ్మలో ఒత్తుకుని ఉంటే అక్కడక్కడ అద్దంలా మెరిసే మచ్చలు పడతాయి. జేబు లోపలి వైపు కొంచెం గరుకుగా, మసకగా ఉండే రకం ఎంచుకుంటే ఈ బాధ లేదు. చూడ్డానికి కాస్త మబ్బుగా ఉంటుంది, అంతే.

సైజు దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఏ4 అంటే 210 బై 297 మిల్లీమీటర్లు. మన ఆఫీసు ఫైళ్ల ఎఫ్‌సీ సైజు అంతకంటే పొడుగు. సినిమా పత్రికల పేజీలు చాలావరకు ఏ4 కన్నా పెద్దవి, నడిమి పేజీ బ్లోఅప్ విప్పితే ఏ3 కూడా చాలకపోవచ్చు. కాబట్టి కొనేముందు పుస్తకంలోని అతి పెద్ద బొమ్మని స్కేలుతో కొలిచి వెళ్లాలి. ఫైలుకి సరిపడేలా బ్లోఅప్‌ని మళ్లీ మడవడం పాపం. మడత దగ్గర సిరా పొడిగా రాలి, సరిగ్గా హీరోయిన్ ముక్కు మీదుగా తెల్ల గీత వస్తుంది, ఎందుకో ఎప్పుడూ అక్కడే. ఏ3లో పట్టకపోతే 3 అంగుళాలకు తగ్గని వ్యాసం ఉన్న గొట్టం చుట్టూ, మధ్యలో తెల్ల కాగితం వేసి చుట్టి పెట్టండి. గోడ పోస్టర్లు, 30 బై 40 అంగుళాలవి, ఈ దారిలోనే వెళ్లాలి. వాటికి ఫైలు కోసం వెతకడం దండగ.

నోట్‌బుక్కు నుంచి బొమ్మల్ని విడదీయాలా వద్దా? వద్దనే చెప్తాం. పిన్నులు విప్పి, నోట్‌బుక్కు పేజీని పేజీగానే జేబులో పెట్టేయండి. పక్కన రాసిన హృదయాలూ, బాణాలూ, "నా ప్రాణం" లాంటి మాటలూ కూడా అలాగే ఉంటాయి. బొమ్మ ఇంకో కాపీ ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పత్రికల్లో దొరకొచ్చు. పదో తరగతి చేతిరాత ఎక్కడా దొరకదు. పిన్ను తీసేటప్పుడు స్టేపుల్ రిమూవర్ వాడితే కాగితం చిరుగుతుంది. పిన్ను కాళ్ల కింద పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, వెన్న రాసే మొద్దు కత్తితో కాళ్లు లేపి లాగాలి. తుప్పు మచ్చ ఉంటే రుద్దకండి. రుద్దితే అక్కడ చిల్లే మిగులుతుంది.

తప్పక విడదీయాల్సి వస్తే జిగురు ఏదో ముందు తేల్చుకోవాలి. మైదా, మెతుకులు, గమ్ము సీసా జిగురు నీళ్లకు లొంగుతాయి. ఫెవికాల్ ఎండాక లొంగదు, ఆ పేజీని కదపొద్దు. నీళ్లకు లొంగేదే అయినా ముందు దూదిపుల్ల తడిపి సిరా మీద ఒక మూల అద్ది చూడండి. రంగు అంటితే అక్కడితో ఆపేయాలి. అంటకపోతే బొమ్మని బోర్లా బటర్ పేపరు మీద పెట్టి, నోట్‌బుక్కు కాగితం వైపు నుంచి గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డ 10 నుంచి 15 నిమిషాలు పరచండి. మైదా ఉబ్బి జారుతుంది. అప్పుడు బొమ్మని కాదు, నోట్‌బుక్కు కాగితాన్ని ఒలవాలి. ఆర్ట్ పేపర్ తడిస్తే దాని సుద్ద పూత దేన్ని తాకితే దానికి అతుక్కుంటుంది. అందుకే బటర్ పేపరు, అందుకే ఆరేదాకా దాని మీద ఏదీ పెట్టకపోవడం. వానకి తడిసి ఇటుకలా అతుక్కుపోయిన పత్రికలు ఈ పూత వల్లే అలా అవుతాయి. ఒకసారి ఆరాక వాటిని విడదీయడం అసాధ్యం.

సెలోటేపు సంగతి వేరు. టేపు ఊడిపోతుంది, దాని జిగురు నూనెలా కాగితంలోకి ఇంకి గోధుమరంగు మచ్చగా మిగులుతుంది. ఇంట్లో దాన్ని పోగొట్టే ఉపాయం లేదు. పెట్రోలు, థిన్నరు లాంటివి పూస్తే సిరా కూడా కరుగుతుంది. ఊడకుండా ఉన్న టేపుని అలాగే వదిలి, పక్క పేజీకి అంటకుండా తెల్ల కాగితం అడ్డం పెడితే చాలు.

మైదా వాడిన పుస్తకాల్లో పురుగు ఉండకపోతే ఆశ్చర్యం. వెండిరంగులో, రెక్కల్లేకుండా, తోక మూడు పాయలుగా ఉండే సిల్వర్‌ఫిష్ ఆ జిగురునీ, కాగితం పై పూతనీ గీకి తింటుంది. పాత పుస్తకాన్ని కొత్త ఫైలు పక్కన పెట్టకముందే జిప్ కవర్లో గాలి తీసి మూసి, ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా గదిలో వదలాలి. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద గాలిలోని తేమ నీరై కూర్చుంటుంది. కలరా ఉండలు వద్దు, వాటి ఆవిరి ప్లాస్టిక్‌ల మీద పేరుకుంటుంది, వాసన ఏళ్ల తరబడి పోదు. తాటాకు గ్రంథాల దగ్గర వస కొమ్ము పెట్టే పాత అలవాటు ఇక్కడా పనికొస్తుంది, గుడ్డలో మూట కట్టి బీరువా మూలన పెడితే సరి. వేపాకు అయితే బాగా ఎండిందే. పచ్చి ఆకు తేమ తెస్తుంది.

ఫైళ్లని బీరువాలో నిలబెట్టకుండా పడుకోబెట్టాలి. నిలబెడితే కటింగులు జేబు అడుగుకి జారి ముడుచుకుంటాయి. ఒకదాని మీద ఒకటి నాలుగైదుకు మించొద్దు. పక్కన తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు పెట్టండి, రంగు మారే రకమైతే రంగు మారినప్పుడు ఆరబెట్టుకోవాలి.

గోడకు ఫ్రేమ్ కట్టించాలని ఉంటే అసలు బొమ్మ కాక కలర్ ప్రింటు కట్టించండి. పాత సెలూన్లలో గోడ మీది పోస్టర్లన్నీ నీలంగా మారి ఉండటం గమనించే ఉంటారు. వెలుతురుకి పసుపు, గులాబీ సిరాలు ముందు వెలుస్తాయి, నీలం, నలుపు నిలుస్తాయి. ఎర్ర పెదవులూ, చామనఛాయా పోయి, హీరోకి హీరోయిన్‌కీ ఒకే నీలి ముఖం వస్తుంది. ఏ గాజూ దాన్ని పూర్తిగా ఆపలేదు.

ఆ ప్రింటు కోసమైనా స్కాన్ కావాలి. ఏ4 పేజీకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480 బై 3508 చుక్కలు, అంటే 9 మెగాపిక్సెళ్ల లోపే. కాబట్టి 12 మెగాపిక్సెళ్ల ఫోను పత్రిక పేజీకి సరిపోతుంది, స్కానర్ లేదని ఆగక్కర్లేదు. ఫ్లాష్ ఆపి, కిటికీ పక్కన, ఫోను పేజీకి సమాంతరంగా పట్టుకుంటే చాలు. పాస్‌పోర్టు సైజు ఫొటోలూ, బస్టాండుల్లో అమ్మిన ఫొటో కార్డులూ ఉంటే స్కానర్ మీద 600 పెట్టాలి. పలచటి న్యూస్‌ప్రింట్, థియేటర్ బయట కొన్న పాటల పుస్తకాల పేజీలు స్కాన్ చేసేటప్పుడు వెనక నల్ల కాగితం పెట్టండి. లేకపోతే అవతలి వైపు అక్షరాలు ముఖం మీద తేలతాయి. అచ్చు చుక్కల వల్ల అలల్లాంటి గీతలు కనబడితే స్కానర్‌లో ఆ గీతల్ని చెరిపే డీస్క్రీన్ ఆప్షన్ ఆన్ చేయాలి, అది లేకపోతే 600లో తీసి సగానికి తగ్గించాలి. మంచి నాణ్యతలో జేపెగ్ చాలు.

తారలకు ఉత్తరం రాస్తే తిరిగొచ్చిన సంతకం ఫొటోల గురించి ఒక మాట. చాలావరకు అచ్చు సంతకాలే. భూతద్దంతో సంతకం గీతని చూడండి. గీత చిన్న చిన్న చుక్కలుగా విడిపోతే అచ్చు. చేత్తో పెట్టిన బాల్‌పెన్ సంతకమైతే గీత ఏకంగా సాగుతుంది, వెనక వైపు వేలితో తడిమితే నొక్కు తెలుస్తుంది. నిజమైనదని తేలితే దానికి విడిగా ఒక జేబు ఇవ్వండి, ఎదురు బొమ్మ పెట్టొద్దు. బాల్‌పెన్ సిరా ఎదురు కాగితానికి అంటొచ్చు.

కత్తెర పట్టిన చేతులు చేసిన అసలు నష్టం తల చుట్టూ కత్తిరించి, తేదీనీ పత్రిక పేరునీ పారేయడం. ఫైలులో పెట్టేటప్పుడు తెల్ల కాగితం మీద పెన్సిలుతో, ఉజ్జాయింపుగానైనా, ఏడాది రాయండి. వెనక వైపు ప్రకటనలు సాయం చేస్తాయి, ఏ సినిమా విడుదలో, ఏది వంద రోజులో అక్కడ ఉంటుంది. మనిషిని బట్టి కూడా పట్టుకోవచ్చు. దివ్యభారతి తెలుగులోకి వచ్చింది 1990లో 'బొబ్బిలి రాజా'తో, మరణం 1993 ఏప్రిల్ 5న. కొత్త సినిమా కబుర్లతో ఉన్న కటింగు అయితే దాదాపు ఆ మూడేళ్లలోదే. ఉదయ్‌కిరణ్ 'చిత్రం' 2000లో వచ్చింది, కాబట్టి అతని బొమ్మ అంతకు ముందుది కాదు. సచిన్ బ్యాట్ మీద ఎంఆర్ఎఫ్ స్టిక్కర్ ఉంటే 1996 కంటే పాతది కాదు.

100 ఆకుల లాంగ్‌నోట్‌బుక్కు మొత్తాన్ని పేజీలుగా పెట్టాలంటే, జేబుకి రెండు ఆకుల లెక్కన 40 జేబుల ఫైళ్లు రెండు కావాలి, బొమ్మలు బరువైతే మూడు. ఒకే ఆకుకి రెండు వైపులా బొమ్మలుంటే ఆ జేబులో అదొక్కటే పెట్టి రెండు వైపుల నుంచీ చూసుకోవచ్చు, అక్కడ మధ్య కాగితం అక్కర్లేదు. షాపులో ఒకే రకం ఫైళ్లు ఒకేసారి కొనండి. ఆర్నెల్ల తర్వాత వెళితే అదే పేరుతో వేరే ప్లాస్టిక్ ఇస్తారు, మళ్లీ గ్లాసు, సబ్బు నీళ్లు.